ఒకే మాటకు పది అర్థాలుంటే ఏ డిక్షనరీ తెరవాలి? లాంగ్‌మన్ ఆన్‌లైన్ గురించి నా అభిప్రాయం

తెలియని ఇంగ్లీష్ మాట ఎదురైతే పెద్ద నష్టమేం లేదండీ, అక్కడ ఎలాగూ ఆగుతాం, వెతుకుతాం, తెలుసుకుని ముందుకు వెళ్తాం. చిక్కంతా బాగా తెలిసిన మాటలతోనే. చార్జ్, ఫైన్, ఇష్యూ, రన్, సెట్, టేబుల్, పేపర్, ఇవన్నీ ఇంగ్లీష్ మొదలుపెట్టిన కొత్తలోనే వచ్చేసిన మాటలు, కాబట్టి వాటి దగ్గర కన్ను ఆగదు, మనసు తనకు తెలిసిన ఒక్క అర్థాన్ని వేసేసుకుని వాక్యం దాటేస్తుంది, నాలుగు లైన్లు పోయాక ఏదో పొంతన కుదరడం లేదని అనిపించినా తేడా ఎక్కడ వచ్చిందో అంతుపట్టదు. ఇలాంటి మాటల కోసం నేను రోజూ తెరిచేది లాంగ్‌మన్ డిక్షనరీ ఆఫ్ కాంటెంపరరీ ఇంగ్లీష్, దాని ఉచిత వెబ్‌సైట్. దాని గురించి వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను, ఇదిగో ఇప్పుడు కుదిరింది.

ముందే చెప్పేస్తున్నా, ఎక్కువ అర్థాలున్న మాటల విషయంలో ఉచితంగా దొరికే వాటిలో నా మొదటి ఓటు దీనికే. లోపాలూ ఉన్నాయి, అందులో ఒకటి చిన్నదేం కాదు, దాని సంగతి కింద చెప్తాను.

డిక్షనరీ గొప్పతనాన్ని చాలామంది అర్థాల లెక్కతో కొలుస్తారు. ఆ లెక్కన చూస్తే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీని మించింది లేదు. 1989లో వచ్చిన రెండో ఎడిషన్‌లో సెట్ అనే క్రియకు 430 అర్థాలున్నాయని చెప్పుకునేవారు, తర్వాత సవరణల్లో రన్ దాన్ని దాటేసి 645కి చేరింది, అదీ క్రియగా వాడే అర్థాలు మాత్రమే. శతాబ్దాల వాడుకను ఒక్కచోట పేర్చిన ఆ పని ముందు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ నేను ఒక వార్త చదువుతూ మధ్యలో ఆగినప్పుడు నాకు కావాల్సింది ఆ 645లో ఒకే ఒక్కటి, అదీ అర నిమిషంలో, చదువుతున్న వాక్యం మనసులోంచి జారిపోకముందే. అందుకే నా కొలబద్ద వేరు: వాక్యం దగ్గరి నుంచి సరైన అర్థం దగ్గరికి నన్ను ఎంత త్వరగా, ఎంత నమ్మకంగా తీసుకెళ్తుంది అన్నదే చూస్తాను. ఎన్ని అర్థాలిచ్చింది అన్నది ఆ తర్వాత.

ఈ పని కోసం లాంగ్‌మన్‌లో ఉన్న ఏర్పాటు పేరు సైన్‌పోస్టులు. 1978లో మొదటి ఎడిషన్ వచ్చినప్పుడు ఇవి లేవు, 1995లో మూడో ఎడిషన్‌తో వచ్చాయి. పెద్ద ఎంట్రీల్లో చాలా అర్థాల ముందు ఒకటి రెండు మాటల్లో, పెద్దక్షరాల్లో, అది దేని గురించో రాసి ఉంటుంది. ఉదాహరణకి చార్జ్ తెరవండి. నామవాచకం కింద వరసగా ధర, నియంత్రణ, నేరం, నింద, దాడి, విద్యుత్తు, పేలుడు పదార్థం అని వస్తాయి (అక్కడ ఇంగ్లీష్‌లోనే ఉంటాయి, నేను తెలుగులో చెప్తున్నా). వివరణలు ఒక్కటీ చదవకుండా ఆ పెద్దక్షరాల మీద కన్ను జారిస్తే చాలు, మీ వాక్యం కోర్టు గురించైతే నేరం దగ్గర ఆగుతారు, బ్యాటరీ గురించైతే విద్యుత్తు దగ్గర. చాలామంది ఈ సౌకర్యాన్ని వాడుకోకుండా మొదటి అర్థం నుంచి వరసగా చదువుకుంటూ వెళ్లి మూడో అర్థం దగ్గర విసిగిపోయి వదిలేస్తారు. అలా చెయ్యకండి. ముందు మీ వాక్యంలో ఆ మాట నామవాచకమా, క్రియా, విశేషణమా తేల్చుకోండి, ఎందుకంటే ఈ డిక్షనరీ వాటిని వేరువేరు ఎంట్రీలుగా అంకెలు వేసి విడగొడుతుంది. తర్వాత సైన్‌పోస్టులు మాత్రమే చదవండి. ఆ తర్వాతే వివరణ.

ఇంత చక్కగా ఉన్నా కొన్ని మాటల దగ్గర సైన్‌పోస్టు సరిపోదు, అప్పుడు ఉదాహరణ వాక్యాలే ఆదుకుంటాయి. చార్జ్‌నే తీసుకుందాం. "హి వాజ్ చార్జ్డ్ విత్ రాబింగ్ ద ట్రెజరీ" అంటే ఖజానా దోచుకున్నాడని అతని మీద నేరం మోపారు. "హి వాజ్ చార్జ్డ్ విత్ గార్డింగ్ ద ట్రెజరీ" అంటే ఖజానా కాపలా బాధ్యత అతనికి అప్పగించారు. రెండు వాక్యాల్లో మారింది ఒక్క మాట, వ్యాకరణం అంతా ఒకటే, కానీ ఒకడు దొంగ, ఇంకొకడు కాపలాదారు. ఈ రెండో వాడుకకు లాంగ్‌మన్‌లో విడిగా చోటుంది, ఫార్మల్ అనే ముద్ర కూడా ఉంటుంది, కాబట్టి అది ప్రభుత్వ పత్రాల్లో, నివేదికల్లో కనపడే వాడుక అని వెంటనే తెలిసిపోతుంది. "ఎ కమిటీ చార్జ్డ్ విత్ ఇన్వెస్టిగేటింగ్..." అని ఏ రిపోర్టులోనైనా కనపడితే ఆ కమిటీ మీద ఎవరో నేరం మోపారని కంగారు పడక్కర్లేదు. ఒక మంచి డిక్షనరీ చెయ్యాల్సిన పని సరిగ్గా ఇదే అని నా నమ్మకం, అర్థం చెప్పి ఊరుకోకుండా ఆ అర్థం ఎలాంటి చోట బతుకుతుందో కూడా చూపించాలి.

ఇక నాకు అన్నిటికంటే ఉపయోగపడిన సంగతి చెప్తాను, దీన్ని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. అర్థం పక్కన చదరపు బ్రాకెట్లలో ఒక చిన్న గుర్తు ఉంటుంది, సైట్‌లో కౌంటబుల్, అన్‌కౌంటబుల్ అని పూర్తి మాటగా, అచ్చు పుస్తకంలో సీ, యూ అని అక్షరంగా. సీ అంటే లెక్కపెట్టగల నామవాచకం, యూ అంటే లెక్కపెట్టలేనిది. చూడ్డానికి పరీక్షల గోలలా ఉంటుంది గానీ, ఎక్కువ అర్థాలున్న మాటల్లో సగం తలుపులు ఈ గుర్తుతోనే తెరుచుకుంటాయి. పేపర్ ముందు ఏమీ లేకుండా వస్తే రాసుకునే కాగితం. "ఎ పేపర్" అని వస్తే వార్తాపత్రిక, లేదా పరిశోధన వ్యాసం, లేదా పరీక్ష పత్రం. "పేపర్స్" అంటే చాలాసార్లు దస్తావేజులు, గుర్తింపు కాగితాలు. డ్యామేజ్ అంటే నష్టం, దానికి ఎస్ తగిలి "డ్యామేజెస్" అయితే కోర్టు ఇప్పించే నష్టపరిహారం. కస్టమ్ ఆచారం, కస్టమ్స్ సరిహద్దు దగ్గర సుంకం వసూలు చేసే శాఖ. ఆర్మ్ చెయ్యి, ఆర్మ్స్ ఆయుధాలు కూడా. మినిట్ నిమిషం, మినిట్స్ సమావేశంలో ఏం జరిగిందో రాసిపెట్టుకునే నమోదు. వర్క్ అంటే పని, "ఎ వర్క్" అంటే ఒక రచన, ఒక కళాఖండం. మన భాషలో నామవాచకం ముందు ఎ, ద లాంటివి ఉండవు, అందుకే మన కన్ను వాటిని ఊరికే దాటేస్తుంది, కానీ ఇంగ్లీష్‌లో అర్థాన్ని విడగొట్టే పనిలో ఆ ఒక్క అక్షరం ఎంతో బరువు మోస్తుంది. ఈ సమాచారం వేరే లెర్నర్స్ డిక్షనరీల్లోనూ (ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ల కోసం రాసినవి) ఉంటుంది, లాంగ్‌మన్‌లో మాత్రం అర్థం పక్కనే, ఎదురుగా ఉంటుంది, వెతుక్కోవాల్సిన పని లేదు.

ప్రాంతం ముద్రలు కూడా అంతే ముఖ్యం. టేబుల్ అనే మాటను క్రియగా చూడండి. బ్రిటన్‌లో ఒక ప్రతిపాదనను టేబుల్ చెయ్యడమంటే చర్చకు పెట్టడం, అమెరికాలో చర్చ ఆపేసి పక్కన పెట్టడం. పూర్తిగా ఎదురు అర్థాలు! రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు కలిసి కూర్చున్నప్పుడు బ్రిటిష్ వాళ్లు ఒక పత్రాన్ని అత్యవసరంగా టేబుల్ చేద్దామంటే, అది ముఖ్యమైంది కాబట్టి టేబుల్ చెయ్యడానికి వీల్లేదని అమెరికన్లు పట్టుబట్టారు, ఇద్దరూ కోరుకుంటున్నది ఒకటేనని తేలడానికి ముందు పెద్ద వాదనే జరిగిందని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. లాంగ్‌మన్‌లో ఈ రెండు అర్థాలూ ఒకదాని కింద ఒకటి, బ్రిటిష్, అమెరికన్ అనే ముద్రలతో ఉన్నాయి. ఆ ముద్ర చూడకుండా అర్థం ఎత్తుకుంటే ఒక పార్లమెంటు వార్త మొత్తం తలకిందులవుతుంది.

తమకు తామే ఎదురు తిరిగే మాటలు ఇంకా ఉన్నాయి. శాంక్షన్ అంటే అనుమతి, అదే "శాంక్షన్స్" అంటే ఒక దేశం మీద విధించే ఆంక్షలు. క్రియగా వాడితే ఆమోదించడం కావచ్చు, శిక్షించడమూ కావచ్చు. ఓవర్‌సైట్ అంటే చూసుకోకపోవడం వల్ల జరిగిన పొరపాటు, "హ్యావ్ ఓవర్‌సైట్ ఆఫ్" అంటే పర్యవేక్షణ బాధ్యత ఉండటం. డస్ట్ చెయ్యడమంటే దుమ్ము దులపడం, ఇంకోచోట పొడి చల్లడం. స్క్రీన్ అంటే చూపించడమూ, కనపడకుండా అడ్డం పెట్టడమూ. ఇలాంటి వాటికి లాంగ్‌మన్ "జాగ్రత్త, రెండూ ఎదురు అర్థాలు" అని ప్రత్యేకంగా ఏమీ హెచ్చరించదు, రెండు అర్థాలనూ ఎక్కడివి అక్కడ ఇచ్చి ఊరుకుంటుంది. ఒక చిన్న హెచ్చరిక పెట్టె ఉంటే ఎంత బాగుండేదో అని ప్రతిసారీ అనుకుంటాను.

ఉచ్చారణ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, బాగుంది. ఎల్-ఈ-ఏ-డీ అని ఒకేలా రాసే మాట లీడ్ అయితే నడిపించడం, లెడ్ అయితే సీసం. డబ్ల్యూ-ఐ-ఎన్-డీ విండ్ అయితే గాలి, వైండ్ అయితే చుట్టడం. టీ-ఈ-ఏ-ఆర్ టియర్ అయితే కన్నీరు, టేర్ అయితే చింపడం. పలుకు మారితే ఎంట్రీ మారుతుంది, బ్రిటిష్, అమెరికన్ ఆడియో రెండూ ఉంటాయి, నొక్కి వినొచ్చు. రికార్డ్, ఆబ్జెక్ట్, ప్రెజెంట్ లాంటి మాటల్లో నామవాచకమైతే మొదటి భాగం మీద, క్రియ అయితే రెండో భాగం మీద ఊనిక పడుతుంది, అదీ వింటే గాని ఒంటబట్టే విషయం కాదు, కాబట్టి చదివి వదిలేయకుండా ఆ స్పీకర్ బొమ్మ నొక్కండి.

వివరణల భాష గురించి ఒక మాట. లాంగ్‌మన్ తన వివరణలన్నీ సుమారు 2,000 మామూలు మాటల్లోనే రాయాలని మొదటి ఎడిషన్ నుంచీ నియమం పెట్టుకుంది. దీని లాభం తేలిక మాటల దగ్గర తెలియదు. బరువైన మాటకు అర్థం చూస్తే అందులో ఇంకో రెండు బరువైన మాటలు తగిలి, వాటి కోసం మళ్లీ వెతుక్కునే బాధ చాలా డిక్షనరీల్లో ఉంటుంది, ఇక్కడ అది దాదాపుగా లేదు. పైగా మాటల పక్కన ఎస్1, డబ్ల్యూ2 లాంటి గుర్తులుంటాయి, మాట్లాడే భాషలోనూ రాసే భాషలోనూ అతి ఎక్కువగా వాడే మొదటి వెయ్యి, రెండో వెయ్యి, మూడో వెయ్యి మాటల్లో అది ఎక్కడుందో చెప్తాయి. అర్థాల వరస కూడా వాడుకను బట్టే, బాగా వాడేది ముందు, అరుదైనది వెనక.

ఫ్రేజల్ వెర్బులు, అంటే క్రియ పక్కన ఆఫ్, అప్ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థమిచ్చేవి, క్రియ ఎంట్రీ చివర్లో ఉంటాయి. టేక్, పుట్, గెట్ లాంటి వాటికి చాలా కిందికి దిగాలి. మొబైల్‌లో ఇది కాస్త శ్రమే. నేరుగా సెర్చ్ పెట్టెలో "టేక్ ఆఫ్" అని రెండు మాటలూ టైప్ చేస్తే ఆ శ్రమ తప్పుతుంది.

ఇక పైన చెప్తానన్న పెద్ద లోపం. లాంగ్‌మన్ అర్థాలను చక్కగా విడగొడుతుంది గానీ వాటిని కలిపే తీగ చూపించదు. సైన్‌పోస్టులు చూస్తుంటే చార్జ్ అనే మాటకు ధర, నేరం, దాడి, కరెంటు, పేలుడు అనే అర్థాలు గాలివాటుగా వచ్చి ఒకచోట చేరినట్టు అనిపిస్తుంది. నిజానికి అవన్నీ ఒకే వేరు నుంచి వచ్చాయి. లాటిన్‌లో బండికి కారస్ అని పేరు, దాని నుంచే బండికెత్తడం, బరువు మోపడం అనే అర్థంలో ఒక క్రియ పుట్టింది, అది ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీష్‌లోకి వచ్చి చార్జ్ అయింది. ఇప్పుడు అర్థాలన్నీ మళ్లీ చూడండి: తుపాకీలో మందు ఎక్కించడం, బ్యాటరీలో విద్యుత్తు ఎక్కించడం, మనిషి మీద బాధ్యత పెట్టడం, నేరం మోపడం, ఖాతాలో డబ్బు భారం వెయ్యడం. మనం కూడా బరువూ మోపుతాం, నేరమూ మోపుతాం, కాబట్టి ఈ లింకు ఒకసారి తెలిస్తే మనకు మళ్లీ మర్చిపోయే పని ఉండదు. ఫైన్ కూడా ఇంతే. జరిమానాకూ నాణ్యతకూ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. రెండూ ముగింపు అనే అర్థమున్న లాటిన్ మాట ఫినిస్ నుంచి వచ్చినవే, డబ్బు కట్టి వ్యవహారాన్ని ముగించడం జరిమానా అయింది, చివరిదాకా చెక్కి పూర్తి చేసినది మేలైనది అయింది. ఇష్యూకి మూలం బయటికి రావడం: అచ్చయి బయటికొచ్చిన పత్రిక సంచిక, చట్టం భాషలో సంతానం, ఒక వివాదంలోంచి తేలి బయటపడిన సమస్య, అన్నీ దాని కొమ్మలే.

లాంగ్‌మన్‌లో ఈ సంగతి అసలే లేదని అనను. చాలా ఎంట్రీల చివర్లో మాట పుట్టుక గురించి ఒక చిన్న లైను ఉంటుంది, ఏ శతాబ్దంలో ఏ భాష నుంచి వచ్చిందో చెప్తుంది. కానీ అందులోంచి ఈ అర్థం ఎలా పుట్టింది అన్న కథ ఉండదు, అర్థాలు గుర్తుండేది ఆ కథ వల్లే. ఇంకో చిక్కు, పుట్టుకలో వేరువేరైన మాటలను కూడా ఇది ఒకే ఎంట్రీలో కలిపేస్తుంది. డబ్బు దాచుకునే బ్యాంక్ ఇటాలియన్‌లో బల్ల అనే అర్థమున్న మాట నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, డబ్బు మార్చేవాళ్లు బల్ల వేసుకుని కూర్చునేవారు కాబట్టి. నది ఒడ్డు అనే బ్యాంక్ స్కాండినేవియా భాషల దారిన ఇంగ్లీష్‌లోకి వచ్చింది. లాంగ్‌మన్‌లో రెండూ ఒకే నామవాచకం కింద అంకెలతో ఉంటాయి. క్రేన్ విషయంలో కథ తిరగబడుతుంది, పొడవు మెడ ఉన్న కొంగలాంటి పక్షి పేరే బరువులెత్తే యంత్రానికి వచ్చింది, అంటే అది నిజంగా ఒకే మాట. కుక్క మొరగడం అనే బార్క్, చెట్టు బెరడు అనే బార్క్ వేరువేరు మాటలు, అనుకోకుండా ఒకేలా తయారయ్యాయి. ఏవి తోబుట్టువులో, ఏవి పోలికలు కలిసిన పరాయివాళ్లో తెలిస్తే ఏ అర్థాలను కలిపి గుర్తుపెట్టుకోవాలో, వేటిని విడివిడిగా నేర్చుకోవాలో తేలుతుంది. అందుకే లాంగ్‌మన్ పక్కనే నేను ఎటిమాన్‌లైన్ అనే సైట్ కూడా తెరిచి ఉంచుతాను, అది మాటల పుట్టుక కోసమే ఉన్నది, ఉచితం. ఈ రెండూ కలిస్తేనే నాకు తృప్తి.

మిగతా డిక్షనరీల సంగతి త్వరగా చెప్తాను. కేంబ్రిడ్జ్ కూడా 1995లోనే గైడ్‌వర్డ్స్ పేరుతో ఇలాంటి గుర్తుమాటలే తెచ్చింది, సైట్ శుభ్రంగా ఉంటుంది, వివరణలు పొట్టిగా ఉంటాయి, తొందరలో ఉంటే అదీ మంచిదే. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్‌కి ఘనమైన చరిత్ర ఉంది, ఎ. ఎస్. హార్న్‌బీ జపాన్‌లో పాఠాలు చెప్తూ తయారుచేసిన పుస్తకం 1942లో అక్కడే మొదట అచ్చయింది, ఆరేళ్ల తర్వాత ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ దాన్ని తన పేరుతో వేసింది. ఇప్పుడు అందులో ముఖ్యమైన మాటలకు ఏ1, బీ2 లాంటి స్థాయిలు (నేర్చుకునేవాళ్లకు భాష ఎంతవరకు వచ్చో చెప్పే మెట్లు) ఒక్కో అర్థానికీ విడిగా వేశారు, అంటే ఒకే మాటలో ఏ అర్థం మొదట నేర్చుకోవాలో, ఏది తర్వాత చూసుకోవచ్చో తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో అది లాంగ్‌మన్ కంటే ముందుంది, పరీక్షలకు చదివేవాళ్లు దాన్ని వదులుకోకూడదు. మెరియమ్-వెబ్‌స్టర్ కాలేజియేట్ వేరే దారి, అర్థాలను చరిత్ర వరసలో పేరుస్తుంది, కాబట్టి మొదట ఉన్నదే ఎక్కువ వాడుకలో ఉన్నదని అనుకుంటే తప్పు. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల దాన్ని వాడే ఎంతోమంది పాత అర్థాన్ని పట్టుకుని ఊగుతుంటారు.

కోబిల్డ్ గురించి మాత్రం కొంచెం ఆగాలి. 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో వచ్చిన ఈ డిక్షనరీ అర్థాన్ని పూర్తి వాక్యంలో చెప్తుంది. "మీరు ఎవరినైనా ఫలానా చేస్తే, అంటే..." అన్న తీరులో నడుస్తుంది. అందులో కర్త మనిషా వస్తువా, కర్మ ఉండాలా వద్దా, పక్కన ఏ విభక్తి లాంటి మాట రావాలి, అన్నీ ఆ వాక్యంలోనే తెలిసిపోతాయి. ఒక మాటకున్న అర్థం దాని చుట్టూ ఉన్న మాటల్లో ఉంటుందని నమ్మి, లక్షల కొద్దీ నిజమైన వాక్యాలను కంప్యూటర్లో పోసి చూసి రాసిన పని అది. రన్ దగ్గర దీని బలం కనపడుతుంది: కంపెనీని రన్ చెయ్యడం, ఎన్నికలకు రన్ చెయ్యడం, జ్వరం రన్ చెయ్యడం, నీళ్ల కుళాయి రన్ చెయ్యడం, ప్రతిదానికీ పక్కన వచ్చే మాట వేరు, ఆ పక్క మాటే అర్థాన్ని తేలుస్తుంది. రాయడం నేర్చుకునేవాళ్లకు కోబిల్డ్, చదివేటప్పుడు త్వరగా చూసుకోవడానికి లాంగ్‌మన్, ఇదీ నా లెక్క.

"ఇంత గోల ఎందుకు, అనువాదం యాప్‌లో కొడితే సరిపోదా" అని అడిగేవాళ్లున్నారు. పూర్తి వాక్యం ఇస్తే ఇప్పటి యాప్‌లు బాగానే నెట్టుకొస్తాయి, కాదనను. 1960లో యెహోషువా బార్-హిల్లెల్ అనే పరిశోధకుడు "ద బాక్స్ వాజ్ ఇన్ ద పెన్" అనే వాక్యం చూపించి, పెట్టె రాసుకునే పెన్నులో పట్టదు కాబట్టి ఇక్కడ పెన్ అంటే పిల్లలు ఆడుకునే చిన్న కంచె అని మనిషికి లోకజ్ఞానం వల్ల తెలుస్తుంది, యంత్రానికి ఎలా తెలుస్తుందని వాదించాడు. అప్పటితో పోలిస్తే యంత్రాలు చాలా దూరం వచ్చాయి. కానీ మనం యాప్‌ని వాడే తీరు వేరు, ఒక్క మాట కొడతాం. ఒక్క మాట కొడితే చుట్టూ సందర్భం ఉండదు, అది తనకు తోచిన అర్థం ఒకటి పైన పెద్దగా చూపిస్తుంది. నేను వాడిన ఒక యాప్ శాంక్షన్స్ అని కొడితే మంజూరు అని చెప్పి ఊరుకుంది, నా చేతిలో ఉన్న వార్తేమో ఒక దేశం మీద పెట్టిన ఆంక్షల గురించి. అందులో ముద్రలు లేవు, ఉదాహరణలు లేవు, ఇంకో అర్థం ఉండొచ్చన్న సూచన కూడా లేదు. అన్నిటికంటే ప్రమాదం అదే, ఒకే జవాబు కనపడితే ఇంకో జవాబు ఉంటుందన్న అనుమానమే రాదు. వరసగా సైన్‌పోస్టులు కళ్లముందు కనపడితే కనీసం ఆలోచిస్తాం.

ఎవరికి సరిపోదో కూడా చెప్పాలి. ఇంగ్లీష్ ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లకు లాంగ్‌మన్ ఎంత తేలిక భాషలో ఉన్నా భారమే, వాళ్లకు సొంత భాషలో అర్థం చెప్పే డిక్షనరీ ముందు కావాలి. పాత సాహిత్యం చదివేవాళ్లకూ చాలదు, మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి అర్థాలు ఇందులో వెతకడం దండగ, నైస్ అంటే ఒకప్పుడు తెలివితక్కువ అనే అర్థం ఉండేది, అలాంటి పాత వాడుకలకు పెద్ద ఆక్స్‌ఫర్డ్ దగ్గరికే వెళ్లాలి. వార్తలు, వ్యాసాలు, ఆఫీసు పత్రాలు, పాఠ్యపుస్తకాలు చదివేవాళ్లకు, అనువాదాలు చేసేవాళ్లకు మాత్రం కళ్లు మూసుకుని చెప్తాను, వాడండి. చాలా మాటలకు అదే పేజీలో కింద లాంగ్‌మన్ బిజినెస్ డిక్షనరీలోని ఎంట్రీ కూడా వస్తుంది, స్టాక్, బాండ్, ఇంటరెస్ట్, లిక్విడ్ లాంటి మాటలకు వ్యాపారంలో ఉండే అర్థాలు అక్కడ విడిగా దొరుకుతాయి, ఇది చాలామంది గమనించరు.

చివరగా అచ్చు పుస్తకం సంగతి. వెబ్‌సైట్ ఉండగా పుస్తకం ఎందుకు అనుకోవద్దు. మాక్‌మిలన్ డిక్షనరీకి చాలా మంచి ఉచిత సైట్ ఉండేది. ఆ డిక్షనరీ 2002లో మొదటిసారి వచ్చినప్పుడే ఎక్కువ అర్థాలున్న మాటలకు ఎంట్రీ మొదట్లో మెనూలాంటి పట్టిక పెట్టింది, ముందు పట్టిక చూసుకుని నేరుగా కావాల్సిన అంకె దగ్గరికి దూకొచ్చు. 2023 జూన్ నెలాఖరున ఆ సైట్ మూసేశారు. దాన్ని నమ్ముకున్నవాళ్లందరూ ఒక్కసారిగా వేరే చోటు చూసుకోవాల్సి వచ్చింది. కాబట్టి లాంగ్‌మన్ పుస్తకం ఎక్కడైనా దొరికితే ఒకటి దగ్గర పెట్టుకోండి. ఆరో ఎడిషన్ 2014లో వచ్చింది, అది దొరికితే సరే. పాతదైనా ఫర్వాలేదు, 2003 నాటి నాలుగో ఎడిషన్‌లోనూ సైన్‌పోస్టులు, ఉదాహరణలు, సీ, యూ గుర్తులు అన్నీ ఉన్నాయి, చార్జ్, ఇష్యూ, టేబుల్ అర్థాలేమీ మారలేదు. క్లౌడ్, స్ట్రీమ్, ట్యాబ్లెట్ లాంటి మాటలకు ఈమధ్య స్థిరపడ్డ అర్థాల కోసం మాత్రం సైటే చూడాలి.